ఉప్పాడ పిల్ల, సువాలి సముద్రం

నా గొప్పలు చెప్పమంటే నా దగ్గర బోలెడు కథలున్నాయి. ఇది వాటిలోది కాదు. ఇందులో ఒక కారు మునుగుతుంది, దాంతోపాటు నా పరువూ మునుగుతుంది. కారైతే పైకొచ్చింది లెండి, కంగారు పడకండి.

నేను ఉప్పాడ పిల్లని. మా పెరటి గోడ దాటితే సముద్రమే. సూరత్ వచ్చాక ఈ సంగతి తెలియని మనిషి మా అపార్ట్‌మెంట్‌లో లేడు. అడగకపోయినా పాలబ్బాయికి కూడా చెప్పాను. మా ఆయన శ్రీధర్‌ది వరంగల్. పెళ్లయ్యేదాకా సముద్రం చూడని మనిషి కావడంతో, దొరికిందే అవకాశమని ఆయనకు పాఠాలు మొదలుపెట్టాను.

"పొడి ఇసుకలో బండి దిగబడిపోద్దండీ. అదే తడి ఇసుకైతే సిమెంటు రోడ్డే. మా నాన్న నన్ను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని తడి ఇసుక మీదే షికారు తిప్పేవారు, తెలుసా?"

"తెలుసు టీచరమ్మా, నిన్న గూడ చెప్పినవ్," అనేవారు ఆయన.

కరోనా మొదటి ఏడాది మా అత్తయ్య చుట్టపుచూపుగా వచ్చి మా దగ్గరే చిక్కుకుపోయారు. మా వీధి చివరి గార్డెనే ఆవిడ ప్రాణం. వచ్చిన కొత్తలో రోజూ సాయంత్రం గుజరాతీ ఆడవాళ్ల పక్కన బెంచీ మీద చేరేవారు. వాళ్లు గుజరాతీలో తమ కోడళ్ల గురించి చెప్పేవారు, ఈవిడ తెలుగులో నా గురించి చెప్పేవారు, అందరికీ అంతా అర్థమైపోయేది. లాక్‌డౌన్ రాగానే గార్డెన్‌కు తాళం పడింది. తర్వాత రోడ్లు తెరిచారు, కొట్లు తెరిచారు, గార్డెన్ మాత్రం తెరవలేదు. అత్తయ్య గేటు దాకా నడిచి, కడ్డీల సందులోంచి తన బెంచీని చూసుకుని వచ్చేసేవారు. మోకాళ్లు బిగుసుకుపోయాయి. నన్ను తిట్టడం కూడా మానేశారు. అప్పుడే నాకు నిజంగా భయం వేసింది. ఎప్పుడు చూసినా ఒకటే మాట: "నన్ను వరంగల్‌కు తోలియ్యుండ్రి."

మా ఆయనేమో ఇంట్లో లేరు. పని ఆగకూడదని హజీరాలో ఆయన పనిచేసే ప్లాంటు వాళ్లు కొందరిని లోపలే ఉంచేశారు. వెళ్లేముందు కళ్లద్దాలు సర్దుకుంటూ కారు తాళాలు నా చేతిలో పెట్టి మరీ చెప్పారు.

"అప్పుడప్పుడు స్టార్ట్ చెయ్యి, లేకుంటే బ్యాటరీ పోతది. గేటు మాత్రం దాటియ్యకు. నీకు లైసెన్స్ అచ్చింది గని డ్రైవింగ్ రాలే."

నా పుట్టినరోజు మర్చిపోతారు గానీ ఆ కారు సర్వీసింగ్ ఎప్పుడో మర్చిపోరు. దాని మీద గీత పడితే ఆయన గుండె మీద పడ్డట్టే. ఇంత తెలిసీ ఒకరోజు మధ్యాహ్నం అన్నాను:

"అత్తయ్యా, సముద్రం చూసొద్దాం రండి."

"వాడు కారు తియ్యద్దన్నడు గదనే?"

"ఆయనకెవరు చెప్తారండీ?"

"నాకు సముద్రమంటే భయమే పిల్లా."

"నేనున్నానుగదండీ! సముద్రం మా ఇంటి మనిషి."

సూరత్ పక్కనే ఉన్న సువాలి బీచ్ చేరాం. నల్లటి ఇసుక. ఒడ్డు మీద ఎక్కడో ఒక ట్రాక్టర్ తప్ప నరమానవుడు లేడు. ఆ మాటకొస్తే నీళ్లూ లేవు.

"ఏందే, సముద్రమంటివి. నీళ్లేయి?"

నీళ్లు ఎక్కడో దూరంగా సన్నటి గీతలా కనిపిస్తున్నాయి. మా ఉప్పాడలో పోటు వచ్చినా పాటు వచ్చినా నీళ్లు కాస్త అటూ ఇటూ జరుగుతాయి గానీ, ఇలా ఊరొదిలి పోవడం నేనెన్నడూ చూడలేదు. బుద్ధున్నదైతే ఎవరినైనా అడిగేది. నేను అడగడమా?

"ఇక్కడి సముద్రానికి బద్ధకం ఎక్కువండీ," అన్నాను.

"గంత దూరం నేను నడువలేనే. నా మోకాళ్లు?"

"నడవడం ఎందుకండీ? తడి ఇసుకంటే సిమెంటు రోడ్డే!"

కారును తిన్నగా ఇసుకలోకి దించాను. నిజంగానే దిగబడలేదు. నీళ్లకు కాస్త ఇవతల ఆపి, చూశారా అన్నట్టు అత్తయ్య వంక చూశాను. ఆవిడ చెప్పులు విప్పి, చీర ఎత్తి పట్టుకుని, నా భుజం ఊతంగా నీళ్లలో కాలు పెట్టారు.

"అబ్బా! ఎంత సల్లగున్నయే పద్మా!"

మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. చిన్నపిల్లలా నవ్వుతున్నారు. ఎన్నాళ్లకు నవ్వారో! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక నా నోరు ఆగుతుందా? గవ్వలేరడం, ఇసుకలో గుజ్జనగూళ్లు, వలలు లాగేవాళ్ల వెనక పరుగులు, తడి గౌనుతో ఇంటికెళ్లి అమ్మ చేత తిన్న దెబ్బలు, అన్నీ చెప్పుకుపోతున్నాను. కారు మా వెనకాల ఉంది. నేను సముద్రం వైపు తిరిగి ఉన్నాను.

"పద్మా, నీళ్లు మోకాళ్లకచ్చినయే."

"అలండీ. వస్తుంది, పోతుంది."

"అచ్చుడే గని పోతలేదు!"

వెనక్కి తిరిగాను. కారు చక్రాల చుట్టూ నీళ్లు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్యను గబగబా నడిపించుకెళ్లి పొడి ఇసుక మీద నిలబెట్టి, పరుగున వచ్చి స్టార్ట్ చేశాను. చక్రాలు గిర్రున తిరిగి ఇంకాస్త కిందికి దిగాయి. తలుపు కిందనుంచి నీళ్లు లోపలికొచ్చి నా కాళ్లు తడిపాయి. కారు వదిలేసి అత్తయ్య దగ్గరికి పరుగెత్తాను.

"సిమెంటు రోడ్డంటివి గదనే!"

సరిగ్గా అప్పుడే ఫోను. మా ఆయన! నేను ఎత్తేలోపే అత్తయ్య లాక్కుని మాట్లాడారు.

"ఏడ ఉన్నరమ్మా?"

"గార్డెన్ల ఉన్నం బిడ్డా."

"గార్డెన్ తెరిచిన్రా? గా సప్పుడేంది?"

"ఫౌంటెన్," అని పెట్టేశారు మా అత్తయ్య. ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది గానీ టైము లేదు.

చున్నీ జెండాలా ఊపుతూ ట్రాక్టర్ వైపు పరుగెత్తాను. ట్రాక్టరాయన పేరు జయేశ్‌భాయి, పక్క ఊరే. "చింతా మత్ కరో బెన్," కంగారు పడొద్దు చెల్లెమ్మా అంటూ వచ్చాడు. నన్ను ఒక్క ముక్క అడగకుండా డిక్కీ తెరిచి, స్టెప్నీ పక్కనుంచి ఇనుప కొక్కెం తీసి, ముందు బంపర్‌లో చిన్న మూత ఊడదీసి అందులో బిగించాడు. అలాంటి మూత ఉందని నాకే తెలియదు. తాడు కట్టి లాగాడు. కారు ఒక్కసారి మూలిగి, నీళ్లు కార్చుకుంటూ ఒడ్డెక్కింది. నేను ఇసుకలో కూలబడిపోయాను. ఊపిరి అప్పుడొచ్చింది.

"భాయ్, ఆ కొక్కెం ఎక్కడుందో మీకెలా తెలుసు?" అన్నాను హిందీలో.

"తెలియకేం బెన్? పోయిన దీపావళికి ముందు ఈ గాడీనే లాగాను. ఇదే చోటు!"

"ఎవరు తెచ్చారు?"

"కళ్లద్దాల సాబ్. ఇంట్లో చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. పాపం, మంచోడు. సముద్రం పక్కన పుట్టినావిడ ఎవరో, తడి ఇసుక సిమెంటు రోడ్డులా ఉంటుందని చెప్పిందంట." జాలిగా తల ఊపి నన్నే అడిగాడు. "ఆవిడెవరో మీకు తెలుసా బెన్?"

వరంగల్‌లో ఉర్దూ విని పెరిగిన అత్తయ్యకు ప్రతి ముక్కా అర్థమైంది. ట్రాక్టర్ పట్టుకుని ఊపిరాడనంతగా నవ్వారు.

కారు రెండు దగ్గులు దగ్గి స్టార్టయింది. ఇంటికొచ్చాక మా ఆయన మళ్లీ ఫోన్ చేశారు.

"కారెట్లున్నది?"

"బాగానే ఉందండీ. దానికి తెలిసిన చోటికే వెళ్లొచ్చింది."

ఆయన గొంతు తగ్గించి అడిగారు: "జయేశ్‌భాయి బాగున్నడా?"

అమ్మయ్య! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అత్తయ్య కూడా మర్నాటి నుంచి వరంగల్ ఊసెత్తలేదు, నన్ను తిట్టడం మళ్లీ మొదలుపెట్టారు. కానీ ఆ కారును రెండుసార్లూ ముంచింది నా పాఠమేనన్న సంగతి ఎటు తిప్పి చూసినా మారడం లేదు.

అందుకని ఉప్పాడ సముద్రం సాక్షిగా, సువాలి ట్రాక్టర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై తడి ఇసుక గురించి కారున్నవాళ్లెవరికీ చెప్పను. మరీ నోరు దురద పెడితే గార్డెన్ బెంచీ మీద కూర్చుని ఆ గుజరాతీ ఆడవాళ్లకే, అదీ తెలుగులోనే చెబుతాను. కోడళ్ల సంగతి తప్ప వాళ్లకు ఇంకో తెలుగు ముక్క అర్థం కాదు కాబట్టి ఎవరి కారూ మునగదు.