సగం అతికిన పడుగు

మా అక్క పోయిందన్న కబురు మంగళవారం పొద్దున నేను బడిలో ఉండగా వచ్చింది. అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. ఆదోనిలో ఉండే మా బావగారి భార్య. రెండో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. కబురు తెచ్చిన మనిషిని "ఎవరి అక్క?" అని అడిగాను. అంత తెలివితక్కువ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఉన్నమాట రాస్తాను. ఆమెను నేను నాలుగేళ్ళు తిట్టిపోశాను. మా ఆయన పోయేనాటికి నా కూతురికి మూడేళ్ళు. బతకాలి కనుక టీచరు ట్రైనింగుకు కర్నూలు వెళ్ళాను. ఆ సందులో మా బావగారు, బిడ్డను చూసే దిక్కు లేదని కోర్టులో చెప్పి, పాపను తమ దగ్గర ఉంచుకునేలా ఉత్తరువు తెచ్చుకున్నారు. నెలకొక ఆదివారం, సాయంత్రం అయిదు గంటల వరకు నేను చూసిరావచ్చు. వాళ్ళకు పిల్లలు లేరు. గొడ్రాలు నా బిడ్డను కాజేసిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పాప ఆమెను అమ్మా అని పిలిచేది. నన్ను మా ఊరి పేరుతో ఎమ్మిగనూరమ్మ అనేది.

ఒక ఆదివారం పెద్ద వాన. దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. నేను తలుపు తట్టేసరికి అయిదు దాటింది. "టయం అయిపోయిందమ్మా" అన్నారు బావగారు లోపలి నుంచే. ఎదురింటి అరుగు మీద తడిగుడ్డలతో కూర్చున్నాను. లోపల పాప నవ్వు వినిపిస్తోంది. అక్క కిటికీ దగ్గరకు వచ్చి నన్ను చూసింది. చాలాసేపు చూసి వెళ్ళిపోయింది. తలుపు తియ్యలేదు. దానికీ తిట్టుకున్నాను.

తర్వాత నాకు ఎమ్మిగనూరు బడిలో ఉద్యోగం వచ్చింది. పాత ఉత్తరువు మార్చమని కోర్టుకు అర్జీ పెట్టుకున్నాను. మా వకీలు ముందే చెప్పాడు: "బిడ్డ అక్కడ బాగానే ఉంది. బాగున్న బిడ్డను కదిలించమంటే కోర్టు ఒప్పుకోదు. నీ ఏడుపు కారణం కాదు."

వాయిదా రోజు కర్నూలుకు బావగారు అక్కను, పాపను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన తరఫున చెప్పడానికే ఆమె బోనెక్కిందనుకున్నాను. బిడ్డను ఎలా చూసుకుంటున్నావని జడ్జిగారు అడిగారు.

"బాగా సాకినాను సామీ. అందుకే సెప్తాండాను. నేను బాగా సాకేకొద్దీ ఈ బిడ్డకు కన్నతల్లి ఎవరో తెలీకుండా పోతాంది. ఆయమ్మ వానలో అరుగు మీద కూసోని మా ఇంటి పక్కే సూస్తాన్నింది. ఆ పొద్దు నుంచి నాకు కూడు దిగల్యా. మార్సు సామీ, ఆ రాత మార్సు."

బావగారు ఆ తర్వాత ఆరు నెలలు ఆమె చేతి మంచినీళ్ళు తాగలేదు.

అర్జీ నెగ్గింది. తిరుగు ప్రయాణంలో అందరం ఒకే బస్సు ఎక్కాం. ముందు మా ఊరు వస్తుంది, తర్వాత ఆదోని. పాప ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. ఎమ్మిగనూరులో బస్సు ఆగగానే నేను లాక్కున్నట్టే పాపను ఎత్తుకుని దిగాను. "అమ్మా" అని పాప కేకలు పెట్టింది. అక్క కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

అంత చేసిన మనిషికి నేను పంపిన కబురేమిటంటే, కొన్నాళ్ళు మా ఇంటికి రావద్దని. రాకపోతే పాప మరిచిపోతుందనుకున్నాను. పాప మరవలేదు, తిండి మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. మూడో వారం నేనే ఆదోనికి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను.

ఒక్క మాట దెప్పలేదు. అక్కది కూడా నాలాగే ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే కొసలు తీసెయ్యరు. వేళ్ళకు బూడిద అద్దుకుని, ప్రతి పాత పోగుకూ ఒక కొత్త పోగును మెలేసి అతుకుతారు. పెళ్ళికి ముందు ఆమెకు అదే పని.

"ఏమ్మే, మగ్గాల ఇండ్లల్లో పుట్టి ఇదన్నా తెలీదా నీకు?" అంది. "పాత పోగు తెంపి పారేస్తే కొత్తది దేనికి అతుకుతావు? నేను వస్తా పా. నిదానంగా అతుకుదాం."

ఆ రోజే నాతో బయలుదేరి వచ్చి పదిహేను రోజులు ఉంది. తనకు అన్నం పెట్టమని పాప అడిగితే "మీ అమ్మనడుగు, నా చేతికి బూడిదయ్యింది" అని సాకు చెప్పేది. పాప అమాయకంగా నా దగ్గరికి వచ్చేది. నన్ను అమ్మా అని పిలిచిన రోజు ఆమె పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చేది. పక్క వీధిలోని తన తమ్ముడి మగ్గం దగ్గర కూర్చుని పోగులు అతుకుతూ, పాపకూ నేర్పేది. చివరికి ఆమె పాపకు పెద్దమ్మ అయింది. ఆ పిలుపు కూడా ఆమే నేర్పింది.

పోయిన శనివారం కూడా వచ్చింది. తమ్ముడి మగ్గానికి సగం పడుగు అతికి, ఛాతీలో నొప్పిగా ఉందని లేచింది. "మిగిలింది మళ్ళా వచ్చి సూస్తాలే" అని బస్సెక్కింది.

ఆదోనిలో అన్నీ అయ్యాయి. బావగారు నా కూతురి తల మీద చెయ్యి పెట్టారు. తిరిగి వచ్చాక పాప ఇంటికి రాలేదు. పన్నెండేళ్ళది, ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటూ వెళ్ళాను. అక్క తమ్ముడి మగ్గం ముందు కూర్చుని ఉంది. పక్కన చిప్పలో అక్క వదిలిన బూడిద. "అమ్మా, నువ్వు పో. నేను వస్తాలే" అంది తల ఎత్తకుండా. వేళ్ళు బూడిదలో అద్దుకుని, ఆమె ఆపిన చోట పాత పోగును వెతికి పట్టుకుంది.