తలకట్టు లేని ఉగాది

ఆ రోజుల్లో, అంటే డెబ్భైలు ముగిసి ఎనభైలు మొదలైన రోజుల్లో, డాలస్‌లో తెలుగువాళ్ళంటే ఇంజనీర్లన్నా అయి ఉండాలి, డాక్టర్లన్నా అయి ఉండాలి. మూడో రకం వాళ్ళకి ఏం పేరు పెట్టాలో మా వాళ్ళకి తెలిసేది కాదు. నేను ఆ మూడో రకం. డిజైన్ కాలేజీలో రెండేళ్ళు చదివి, అక్కా బావగార్ల ఇంట్లో మేడమీది గదిలో ఉంటూ, ఊళ్ళో ఒక చిన్న స్టూడియోలో పని చేసేదాన్ని. పార్టీల్లో ఎవరైనా పెద్దాయన "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, "కంపెనీలకి గుర్తులూ, అక్షరాలూ, రంగులూ డిజైన్ చేస్తానండీ" అనేదాన్ని. "అది సరే, ఉద్యోగం ఏం చేస్తుంటావు?" అని మళ్ళీ అడిగేవారు. (ఒకాయన ఎంతో జాలిగా, "పర్లేదమ్మా, అకౌంటింగ్‌లో ఈవినింగ్ క్లాసులున్నాయి" అని ధైర్యం కూడా చెప్పారు.) ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇలాంటి మాటలు పడ్డవాళ్ళలో కొందరు కుంగిపోతారు, కొందరు ఎదుటివాళ్ళందరూ మూర్ఖులని తేల్చుకుంటారు. నేను క్షణం ఆలస్యం చెయ్యకుండా రెండో దారి పట్టాను.

ఆ దారిలో నా గురువు మా బాసు. మనసులో ఆయన్ని ఖాళీదొర అని పిలుచుకునేదాన్ని, ఎందుకంటే ఆయన లెక్కలో కాగితంమీద అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమీ లేని చోటు. యాభైల్లో, అరవైల్లో ఆయన చాలా పేరున్న మనిషి. ఒక బ్యాంకుకి గుర్తుగా నారింజరంగు వృత్తం గీశాడు. తర్వాత ఒక పాల కంపెనీకి అదే వృత్తాన్ని మధ్యకి కోశాడు. ఆ తర్వాత ఒక లారీల కంపెనీకి కోసిన ముక్కని కాస్త పక్కకి జరిపాడు. ఈ మూడు ఘనకార్యాలూ ఫ్రేములు కట్టి గోడకి తగిలించి, రోజూ పొద్దున్నే వాటి ముందు కాఫీ కప్పుతో ఒక నిమిషం మౌనంగా నిలబడేవాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఒకే ఒక్క అక్షరాల వరస, అంటే ఫాంటు, తప్ప లోకంలో మిగతావన్నీ దండగ అని ఆయన నమ్మకం. అక్షరాల కాళ్ళకి చిన్న గీతలుండే పాతరకం వరసలు కనిపిస్తే, "ఇవి బూట్లు విప్పకుండానే మంచం ఎక్కాయి" అని మొహం చిట్లించేవాడు. రంగులు రెండే, బూడిదా నారింజా. ఆ నారింజ కూడా రోగికి మందు కొలిచి పోసినట్టు పోసేవాడు.

ఆయన దగ్గర చేరిన ఆర్నెల్లకి నేను ఆయనకన్నా ముదిరిపోయాను. నా పసుపుపచ్చ చుడీదార్లు అట్టపెట్టెలోకి వెళ్ళి, బూడిదరంగు స్వెట్టర్లు బయటికి వచ్చాయి. వంటింటి డబ్బాలమీద అక్క అంటించుకున్న రంగురంగుల చీటీలు పీకేసి, ఒక్కో డబ్బాకీ ఒక్కో బూడిద చుక్క పెట్టాను. (అక్క రెండు రోజులు ఓపిక పట్టింది. మూడోరోజు కాఫీలో పాలపొడి బదులు మైదా కలిసింది. ఆ కప్పు నాకే ఇచ్చింది.)

ఆ ఏడాది మా తెలుగు సంఘానికి బావగారు ప్రెసిడెంటు. అంతకుముందు వరకూ ఉగాది ఆహ్వానం ఎవరో ఒకరు చేత్తో రాసి, ఆఫీసులో ఎవరూ చూడకుండా కాపీలు తీసేవారు. ఈసారి ప్రెస్సులో అచ్చు వేయించాలని బావగారి కోరిక. "ఏం మరదలు గారూ, నువ్వు అక్షరాలు గీస్తావట కదా. ఆహ్వానం నీదే. పసుపు కాగితం, ఎర్ర అక్షరాలు, పైన మామిడాకులు, పక్కన వినాయకుడు, ఇటువైపు కలశం. మధ్యలో చోటుంటే భారతదేశం మ్యాపు" అన్నారు. నేను పెదవి విరిచి నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది.

మర్నాడు ట్రేసింగ్ కాగితంమీద "ఉగాది వేడుకలు" అని రాసి ఖాళీదొరకి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అన్నీ వృత్తాలే! మీ వాళ్ళు నాకన్నా ముందే కనిపెట్టేశారు. మరి నెత్తిమీద ఈ టిక్కులేమిటి?"

"వాటిని తలకట్లు అంటారు."

"అవి లేకపోతే అక్షరం చచ్చిపోతుందా?"

ఒకటో తరగతిలో మా పంతులమ్మ ఈ తలకట్ల కోసమే నా వేళ్ళమీద స్కేలుతో కొట్టింది. ఆవిడమీద పగ తీర్చుకునే అవకాశం పాతికేళ్ళు నిండకముందే వస్తుందని ఎవరనుకున్నారు? "చచ్చిపోదు" అన్నాను.

"అయితే తీసెయ్."

తీసేశాను. తలకట్లు పోయాక ధ, భ లాంటి వత్తక్షరాల కింద నిలబడే చిన్న గీత అనవసరంగా కనిపించింది, అదీ తీసేశాను. 'వ'లో చుట్టు ఇంకుతో పూడుకుపోతుందేమోనని దాన్ని విప్పేశాను. తేదీకి ఇంగ్లీషు అంకెలు మోటుగా ఉంటాయని తెలుగు అంకెలు వేశాను. ఇరవై రెండో తారీఖు. రెండు '౨'లు పక్కపక్కన కవల పిల్లల్లా నిలబడటం నచ్చక, రెండోదాని తోక కాస్త కిందికి చుట్టాను. తేదీ ఉండగా మళ్ళీ వారం ఎందుకని "శనివారం" కొట్టేశాను. తెల్ల కాగితం, బూడిద అక్షరాలు, మూలన ఒక నారింజ చుక్క. ఆ చుక్కే వినాయకుడు, కలశం, మామిడాకులు, మ్యాపూ అన్నమాట. నేరుగా ప్రెస్సుకిచ్చి, రెండు వందల కార్డులు పోస్టులో వేసేసి, ఒకటి బావగారి చేతిలో పెట్టాను.

బావగారు కార్డు అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి, "ఎవరు పోయారమ్మా?" అన్నారు.

ఆ వారమంతా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. "ఏమండీ ప్రెసిడెంటు గారూ, ఉగాది పేడుకలు అని వేశారు, ఈసారి పిడకలేమైనా పంచుతారా?" అని ఒకరు. "ఇది తెలుగా, కన్నడమా? మాకు పొరపాటున వచ్చిందేమో చూడండి" అని ఇంకొకరు. అడిగినవాళ్ళందరికీ అక్క, "వేడుకలేనండీ. శనివారం, పదకొండు గంటలకి, చర్చి హాల్లో" అని ఓపిగ్గా చెప్పింది. నేను మేడమెట్లమీద కూర్చుని, కొత్తదనం అర్థం కాని జాతి అని నిట్టూర్చాను. (ఈ నిట్టూర్పు కూడా ఖాళీదొర దగ్గరే నేర్చుకున్నాను. ముక్కుతో మొదలుపెట్టి నోటితో ముగించాలి.)

శనివారం వచ్చింది. ఒక చర్చివాళ్ళ హాలు అద్దెకి తీసుకున్నాం. రెండు వందల మందికి పులిహోర, బొబ్బట్లు, ఉగాది పచ్చడి. వచ్చింది ఎనభై మంది. అన్నిటికన్నా ఘోరం, పంచాంగం చదవడానికి టల్సా ఊరి నుంచి రావాల్సిన డాక్టరుగారు రాలేదు. ఆయన గుండె డాక్టరు, దానికి మించి తెలుగు పండితుడు. ఆ చుట్టుపక్కల రెండు రాష్ట్రాల్లో కొత్త పంచాంగం ఉన్నది ఆయన దగ్గర ఒక్కటే. పన్నెండున్నర దాకా చూసి, బావగారే మైకు అందుకున్నారు. ఆయన పైపులైన్ల ఇంజనీరు. "ఈ సంవత్సరం వర్షాలు మధ్యస్థం. పెట్రోలు ప్రియం. గ్రీన్ కార్డులు ఆలస్యం. అన్ని రాశుల వారికీ ఆదాయం కన్నా వ్యయం ఎక్కువ" అని చదివేసి, చెమట తుడుచుకుని దిగారు. జనం మెచ్చుకున్నారు. బావగారికి మాత్రం కోపం దిగలేదు. "రావట్లేదని ఒక్క ఫోన్ కొడితే ఆయన సొమ్మేం పోతుంది? నేను మాత్రం చెయ్యను" అని ఆ రాత్రి భోజనం దగ్గర ఒట్టు పెట్టుకున్నారు.

ఆదివారం పదకొండుంపావుకి ఫోను మోగింది. బావగారు ఎత్తారు. అవతల డాక్టరుగారు, చర్చి ఆఫీసు ఫోనులోంచి గుసగుసగా మాట్లాడుతున్నారు.

"ఏమయ్యా, ఎక్కడున్నారు మీరంతా? మమ్మల్ని లోపల కూర్చోబెట్టి పాటల పుస్తకాలిచ్చారు. సన్నాయి అనుకున్నాను, ఆర్గన్ వాయిస్తున్నారు!"

"ఇవాళ మీరక్కడేం చేస్తున్నారండీ? ఫంక్షన్ నిన్న!"

"నిన్నెలా అవుతుందయ్యా? ఇరవై మూడు అని కార్డులో అంత స్పష్టంగా ఉంటే! తెలుగు అంకెలు రాని వాళ్ళకి చెప్పు ఈ మాట."

అప్పుడు బావగారు కార్డు తెచ్చి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, తర్వాత నావైపు చూశారు. నేను తోక చుట్టిన ఆ రెండు, నిక్షేపంగా మూడై కూర్చుంది. జరిగిందేమిటంటే, తెలుగు సరిగ్గా రానివాళ్ళందరూ ఫోన్ చేసి కనుక్కుని శనివారం వచ్చారు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు, ఎవర్నీ అడగాల్సిన ఖర్మ లేనివాళ్ళు, నలభై మంది, తెల్లవారుజామున లేచి పట్టుచీరలు కట్టుకుని, హ్యూస్టన్ నుంచీ ఓక్లహామా నుంచీ కార్లు డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, ఆదివారం ప్రార్థనలో మొదటి మూడు వరసలు నింపేశారు. పాస్టరుగారు ఎంతో సంతోషించి, దూరం నుంచి వచ్చిన అతిథులు లేచి నిలబడమంటే, అందరూ లేచి నమస్కారం పెట్టారట.

మధ్యాహ్నానికి ఆ నలభై మందీ మా ఇంట్లో ఉన్నారు. అక్క నడుముకి కొంగు దోపి, మిగిలిన పులిహోర వేడి చేసి, మళ్ళీ అన్నం వండి, కొత్తగా పప్పు పెట్టింది. అందరి భోజనాలూ అయ్యాక నన్ను సింకు దగ్గరికి తీసుకెళ్ళి, నా నడుమంత ఎత్తు గిన్నెలు చూపించి, "ఇక్కడ ఖాళీ చోటు బాగా రావాలి. కానియ్" అంది.

నేను గిన్నెలు తోముతుంటే డాక్టరుగారు గరాజులో మడత కుర్చీ వేసుకుని పంచాంగం చదివారు. తలుపు సందులోంచి వినిపించేది. రాగం తీసి, ప్రతి అక్షరానికీ దాని బరువు దానికిచ్చి చదివారు. మధ్యలో ఆగి, "ఆ కార్డు గీసిన అమ్మాయి ఎవరు?" అని అడిగారు. చేతులకి సబ్బు నురగతోనే వెళ్ళాను. ఆయన తిడతారనుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని, "ఘ, ష, ప, వ ఒకసారి రాసి చూపించు తల్లీ" అన్నారు. అంతమంది ముందు, పిల్లలకి పంచిన రంగు పెన్సిలుతో, పంచాంగం అట్ట వెనక రాశాను. 'ఘ' దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎలా రాయాలో నిజంగా గుర్తు రాలేదు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, మెల్లగా, పెద్దగా రాసి చూపించారు. అదే నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

సోమవారం స్టూడియోకి ఏడుపు మొహంతో వెళ్ళి, తలకట్లు తిరిగి పెట్టాల్సిందేనని ఖాళీదొరకి చెప్పబోయాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. ఊళ్ళోని డిజైనర్ల సంఘం ఏటా పెట్టే ప్రదర్శనకి నా కార్డుని తనే పంపాడట, మొదటి విడతలోనే ఎన్నికయిందట. "స్పష్టత! దానికి నిలువెత్తు ఉదాహరణ అన్నారు" అని నా భుజం తట్టాడు. ఆ స్పష్టతని మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కరికీ దాన్ని చదవడం రాదని వేరే చెప్పాలా?

ప్రదర్శన రోజు వెళ్ళాను, బూడిద స్వెట్టరులోనే. తెల్ల గోడ, మంచి లైటు, నల్ల ఫ్రేము, అందులో మా ఉగాది. దాన్ని తలకిందులుగా తగిలించారు. దాని ముందు ఇద్దరు పెద్దమనుషులు గాజు గ్లాసులు పట్టుకుని, ఆ లయ గురించీ ఆ ఊపిరి గురించీ మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ నావైపు తిరిగి, "ఇంత అందంగా ఉంది, ఇందులో ఏం రాసుంది?" అని అడిగింది. తలకిందులుగా ఉందని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో నా పేరు పిలిచారు, అదీ తప్పు ఉచ్చారణతో, అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ తల వంచాను.

ఇంటికి వెళ్ళి కొన్నాళ్ళు రహస్యంగా కాపీ పుస్తకంలో అ ఆలు దిద్దుకున్న మాట నిజమే. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఇంకో నిజం కూడా ఒప్పుకోవచ్చనుకుంటాను. ఆ పూట నాకు సిగ్గు వెయ్యలేదు. ఆ చప్పట్లు చాలా బావున్నాయి. ఆ బూడిద స్వెట్టరు పిల్ల ఇవాళ నా ఎదుట నిలబడితే గట్టిగా చీవాట్లు పెట్టాలని మాటలన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. పెట్టలేనేమో. అంత సంతోషంగా ఉంది పాపం, ఇంకాసేపు ఉండనిద్దామనిపిస్తుంది.