ఓడిపోయేవాడు లేని సంఘం

తిరువూరు బస్టాండు దగ్గర బసవపున్నయ్య ఎరువుల కొట్టు ఎక్కడని అడిగితే ఈమధ్య ఎవరూ చెప్పేవాళ్ళు కారు. నాగూర్ సెంటరు ఎక్కడని అడిగితే చూపించేవాళ్ళు. దాని కింద ఉన్న కొట్టు నాది. ముప్పయ్యేళ్ళుగా యూరియా, పురుగుమందులు అమ్ముతున్న మనిషిని, నా సొంత మేడలోనే నేను అద్దెకున్నట్టయిందని నాగూర్‌ని చాలాసార్లు దెప్పాను. "మీరు కింద ఉన్నారు, మేం పైన ఉన్నాం బాబాయ్, అందుకే కనపడుతున్నాం" అని నవ్వేవాడు. ఇప్పుడు పైన ఎవరూ లేరు. బోర్డు మాత్రం అలాగే ఉంది. తియ్యమని నేను చెప్పలేదు, తియ్యడానికి వాడు రాలేదు.

నాగూర్ తండ్రి విస్సన్నపేట రూట్లో షేర్ ఆటో నడిపేవాడు. నాగూర్ డిగ్రీ పూర్తిచేసి, బస్టాండు ఎదురుగా ఒక జిరాక్స్ మిషనూ నాలుగు కంప్యూటర్లూ పెట్టుకుని నెట్ సెంటరు నడిపాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, హాల్ టికెట్ల రోజుల్లో తప్ప ఆ గుమ్మం తొక్కేవాళ్ళు లేకుండా పోయారు. ఇక తండ్రి ఆటోనే అందుకుంటాడని అందరం అనుకున్నాం. వాడొచ్చి నా పై అంతస్తు అద్దెకడిగాడు.

"ఏం పెడతావురా?"

"ఫోన్లు మాట్లాడతాం బాబాయ్."

"ఊరంతా ఊరికే మాట్లాడుతుంటే అద్దె కట్టి మాట్లాడటం ఏంటిరా?"

అప్పుడు వాడు కూర్చుని నాకు ఓపిగ్గా చెప్పాడు. ఆన్‌లైన్లో సరుకు అమ్మే కంపెనీ ఒకటి బెంగుళూరులో ఉంది. ఎవరింటికో మిక్సీ పగిలిపోయి వస్తుంది, వాళ్ళు కోపంగా ఫోను చేస్తారు. ఆ ఫోన్లన్నీ ఎత్తి సమాధానం చెప్పే ఓపిక కంపెనీకి లేదు, ఆ పని బయటవాళ్ళకి ఇచ్చేస్తుంది. మేము వరి కోత గుత్తకిచ్చినట్టే. దాన్నే అవుట్‌సోర్సింగ్ అంటారట. వైజాగ్‌లో మిక్సీ పగిలితే తిరువూరులో నా నెత్తి మీద కూర్చున్న అమ్మాయి సారీ చెబుతుందన్నమాట.

అయితే పన్నెండు కుర్చీలున్న వాడితో బెంగుళూరు కంపెనీ ఎందుకు మాట్లాడుతుంది? మాట్లాడలేదు. నాగూర్ ఏడాదిపాటు ఖాళీ కుర్చీలు తుడుచుకుంటూ గడిపాడు. ఆ రోజుల్లోనే విజయవాడలో ప్రేమ్ కిరణ్ అనే ఆయన ఇలాంటి చిన్న ఊళ్ళ సెంటర్లన్నిటినీ ఒక సంఘంగా కూర్చాడు. విడివిడిగా పోతే గేటు దగ్గరే ఆపేసే కంపెనీ, అందరూ కలిసి పోయేసరికి కాఫీలిచ్చి కూర్చోబెట్టింది. సంఘం పని తెచ్చి అందరికీ పంచింది. అమ్మాయిలకు ట్రైనింగ్ ఇచ్చింది. ఒకసారి కంపెనీ తెలుగు ఫోన్ల పనంతా మా దగ్గర తీసేసి వేరే రాష్ట్రానికి ఇస్తానంటే ప్రేమ్ కిరణ్ బెంగుళూరులో వారంపాటు మకాం వేసి ఆపించాడు. ఇదంతా నిజం. నేను ఆ సంఘాన్ని తిట్టబోతున్నాను కాబట్టి చేసిన మేలు ముందే చెప్పుకోవాలి.

నాగూర్‌కి సంఘమంటే ప్రాణం. మీటింగు ఉందంటే తెల్లవారగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కేవాడు, మామిళ్ళ కాలంలో ఒక బుట్ట కూడా మోసుకుపోయేవాడు. వచ్చాక నా కొట్లో స్టూలు మీద కూర్చుని అక్కడ జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఏ తీర్మానమైనా అందరూ చెయ్యెత్తితేనే నెగ్గుతుంది. ఒక్కడు ఎత్తకపోయినా ఆగిపోతుంది. పెద్ద సెంటర్లవాళ్ళు చిన్నవాళ్ళని తొక్కెయ్యకుండా మొదట్లోనే పెట్టుకున్న కట్టుబాటు అది.

"మరి ఉలిపికట్టె ఒకడుంటే ఎట్లారా?" అన్నాను.

"వాడు ఒప్పుకునేదాకా మాట్లాడతాం. మా సంఘంలో ఓడిపోయేవాడు ఉండడు బాబాయ్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహం చూడాలి.

పైన పనిచేసే అమ్మాయిల్లో ముంతాజ్ పాతమనిషి. అంతకుముందు బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతే, కూర్చుని చేసే పని అని ఇక్కడ చేరింది. కూర్చుని చేసే పని విలువ నిలబడి చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆమె పక్క సీటు గ్లోరిది, ఆ పక్కది శ్రీవల్లిది. విస్సన్నపేట అమ్మాయి హాసిని కూడా ఇక్కడే పని నేర్చుకుంది. తర్వాత వాళ్ళ ఊళ్ళో తనే చిన్న సెంటరు పెట్టుకుని, నాగూర్ సిఫారసుతోనే సంఘంలో చేరింది.

కంపెనీకి ఫోన్లు ఎక్కువగా వచ్చేది సాయంత్రాలు. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళా అదే. సీటు ఖాళీగా కనపడితే సెంటరుకి మార్కులు తగ్గుతాయి. అందుకని మసీదు మైకు వినపడగానే ముంతాజ్ లేచేది, గ్లోరి తన డ్యూటీ ముగించుకుని వచ్చి ఆమె సీట్లో కూర్చునేది. కంప్యూటర్లో ముంతాజ్ ఐడీ అలాగే తెరిచి ఉండేది. "నమస్కారమండి, నేను ముంతాజ్‌ని మాట్లాడుతున్నాను" అని గ్లోరి చెప్పేది. ఆదివారం పొద్దున గ్లోరి చర్చికి పోతే "నేను గ్లోరిని" అని ముంతాజ్ చెప్పేది. పక్కింటావిడ పనిమీద బయటికెళ్తే ఆమె పొయ్యి మీద పాలు పొంగకుండా చూడమా? వాళ్ళకి అంతకన్నా వేరుగా తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటగానే ఉండేది. రంజాన్ గంజి గిన్నెలు మెట్లు దిగి నా కొట్టుదాకా వచ్చేవి.

రెండేళ్ళ కిందట సంఘం ఒక రూలు పెట్టింది. ఒకరి ఐడీతో ఇంకొకరు పని చెయ్యకూడదు, చేస్తే ఆ సెంటరుని తీసేస్తారు. ఎక్కడో ఎవడో ఇంకొకడి ఐడీతో కూర్చుని కస్టమర్ల వివరాలు కాజేశాడట. నాగూర్ కూడా చెయ్యెత్తి వచ్చాడు. ఆ రూలు అచ్చు వేయించిన కాగితం తెచ్చి, తనే సెంటరు గోడకి అంటించాడు. ఆ కాగితం కిందే గ్లోరి ముంతాజ్ సీట్లో కూర్చునేది. ఆ గదిలో రాయడం, చదవడం రానివాళ్ళు ఎవరూ లేరు. ఒక్కరికీ ఆ రూలు తమ గురించేనని తట్టలేదు.

ఈ ఏడు రంజాన్ మొదటి వారంలో కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టింది. ఐడీ ఎవరిదో, మాట్లాడే గొంతు ఎవరిదో అది పోల్చి చూస్తుందట. సంఘంలోని సెంటర్లలో ముందుగా మా తిరువూరు దొరికింది.

కబురు తెలిసిన రోజు నాగూర్ నా కొట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"గోడకి నువ్వే అంటించావు కదరా" అన్నాను.

"ఆ రూలు దొంగల కోసం అనుకున్నాను బాబాయ్."

 నేనూ అలాగే అనుకున్నాను మరి.

సంఘం మీటింగు పెట్టింది. ఉపవాసంతో నాగూర్ బస్సులో ఏం పోతాడని నా కారులో తీసుకెళ్ళాను. దారి పొడుగునా వాడికి ఒకటే ధైర్యం. ప్రేమ్ కిరణ్ గారు ఉన్నారు, కంపెనీతో మాట్లాడతారు, సంఘం అన్నది ఇందుకే కదా. మైలవరం దాటేదాకా ఆ మాటే తిప్పి తిప్పి చెప్పాడు. చివరికి నేనూ నమ్మాను.

విజయవాడలో ఒక హోటల్ మేడమీద హాలు. మెంబర్లందరూ వచ్చారు. నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. ప్రేమ్ కిరణ్ చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువుగా ఉండేది. ఆయన కళ్ళు నిద్రలేక గుంటలు పడి ఉన్నాయి.

"నాగూర్ గారూ, నేను వాళ్ళని బతిమాలాను. పండగ నెలలో సాయంత్రం పూట కాస్త బ్రేక్ ఇవ్వండి, జరిగినదానికి హెచ్చరించి వదిలెయ్యండి అన్నాను. వినలేదండి. కస్టమర్ ఇంటి అడ్రసు, బ్యాంకు వివరాలు కనపడే సీట్లో ఎవరు కూర్చున్నారో మాకు తెలియాలా వద్దా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"మా పిల్లలు ఎవరి సొమ్మూ ముట్టుకోలేదండి."

"ఇక్కడున్న అందరికీ తెలుసు. కానీ సాయంత్రంలోగా మీ సెంటరుని తీసేశామని తీర్మానం పంపకపోతే మొత్తం సంఘానికే పని ఆపేస్తామన్నారు. రాతపూర్వకంగా ఇచ్చారు."

నాగూర్ లేచి నిలబడ్డాడు. "జరిమానా వెయ్యండి, కడతాను. కొన్నాళ్ళు పని ఆపండి, ఊరుకుంటాను. పేరు మాత్రం తియ్యొద్దండి. సంఘంలోంచి తీసేసినవాడికి ఇంకెవరూ పనివ్వరు. మీకు తెలియందేముంది?"

 అందరూ ఫోన్ల వంక చూసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"మీ సెంటర్లలో ఎప్పుడూ సీటు మారనివాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళు చెయ్యెత్తండి చూద్దాం" అన్నాను వెనకనుంచే.

ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "మీరు మెంబరు కాదు కదండీ" అన్నాడు మర్యాదగానే.

కాదు. కూర్చున్నాను.

తీర్మానం చదివారు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. కొందరు మోచెయ్యి కుర్చీ మీదే ఆనించి, బేరం తగ్గించి అడుగుతున్నట్టు కొంచెమే ఎత్తారు. మిగతా అందరివీ లేచాక ఇద్దరు మిగిలారు. ఒకడు నాగూర్, ఒకరు హాసిని. ఆ అమ్మాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. ప్రేమ్ కిరణ్ ఆమెను పిలవలేదు, తొందర పెట్టలేదు. హాలంతా ఆ చేతుల వైపే చూస్తోంది.

నేను లోపల్లోపల అనుకుంటున్నాను, ఎత్తకమ్మా, ఎత్తకు అని. నాగూర్ ఎత్తకపోయినా చాలు, తీర్మానం ఆగిపోతుంది. సంఘానికి పని పోతే అందరికీ పోతుంది, పోనీ. నాకేం, నా ఎరువుల కొట్టు నాకుంది కాబట్టి అలా అనుకోగలిగాను.

నాగూర్ హాసిని వైపు చాలాసేపు చూశాడు. ఆమె దగ్గర విస్సన్నపేటలో ఎనిమిది మంది పనిచేస్తున్నారు. అందులో సగంమందికి పని నేర్పింది ముంతాజే. వాడు నెమ్మదిగా తన చెయ్యి పైకెత్తాడు.

"ఎత్తమ్మా" అన్నాడు.

హాసిని ఏడుస్తూ ఎత్తింది. తీర్మానం ఏకగ్రీవమని ప్రేమ్ కిరణ్ చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నాగూర్ వైపు చూడలేదు. చూస్తే మాత్రం ఏం లాభం?

తిరుగు దారిలో మాటలన్నీ నావే. నేను సంఘాన్ని, కంపెనీని, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాణ్ణి వరసపెట్టి తిట్టాను. తిట్టేకొద్దీ ఎవరిది తప్పో నాకే తెలియకుండా పోయింది. అందరివీ న్యాయమైన మాటలే. అన్నీ కలిసి ఈ మనిషి నెత్తిన పడ్డాయి.

తిరువూరు చేరేసరికి మసీదు మైకు మోగుతోంది. వాడి వెనకే నేనూ మెట్లెక్కాను. కబురు వచ్చినప్పటినుంచీ సీట్లు మారడం మానేశారు. చాప మీద గంజి గిన్నెలు, ఖర్జూరాలు సర్ది ఉన్నాయి గాని, దగ్గర ఎవరూ లేరు. ముంతాజ్ తన సీట్లోనే చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంది. ఖర్జూరం బుగ్గన దాచుకుని, "మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి సార్, రేపటికల్లా కొత్తది పంపిస్తాం" అంటోంది. పక్క సీట్లోంచి గ్లోరి ఆమెనే చూస్తోంది. లేచి సాయం చేద్దామన్నా చెయ్యడానికి లేదు.

ఆ మాట మధ్యలోనే ముంతాజ్ కంప్యూటర్ తెర ఎర్రబడి, ఐడీ ఆపేసినట్టు చూపించింది. తర్వాత గ్లోరిది, తర్వాత శ్రీవల్లిది. "సార్, సార్" అని ముంతాజ్ పిలుస్తూనే ఉంది. అవతల ఎవరూ లేరు. ఆమె ఇటు తిరిగి నాగూర్ మొహం చూసింది, అంతా అర్థమైంది.

"ఎవరెవరు చెయ్యెత్తారన్నయ్యా?"

"అందరూ."

"హాసిని కూడానా?"

"దాన్నేమీ అనకు. నేనే ఎత్తమన్నాను."

ముంతాజ్‌కి ఆ సంఘం ఆచారం తెలుసు. వాడే గొప్పగా వందసార్లు చెప్పాడు. "ఒక్కళ్ళు ఎత్తకపోతే ఆగిపోతుందన్నారుగా" అంది.

నాగూర్ గోడ మీది కాగితం వైపు చూశాడు.  ఆమె మళ్ళీ అడగలేదు. హెడ్‌ఫోన్ తీసి, వైరు చుట్టి, బల్ల మీద పెట్టింది. బట్టల కొట్లో నిలబడి నిలబడి వాచిన ఆ కాళ్ళని చేతులతో సర్దుకుని చాప మీద కూర్చుని, ఒక గిన్నె నాగూర్ ముందుకి జరిపింది.

"కూర్చోండన్నయ్యా. ఇవాళ తీరిగ్గా తినొచ్చు."

వాడు కూర్చున్నాడు. గ్లోరి, శ్రీవల్లి కూడా వచ్చి కూర్చున్నారు. ఫోను మోగుతుందేమోనని ఆ రోజు ఎవరూ తొందరపడలేదు. గంజి చల్లారిపోయింది.