అమ్మ మళ్లీ సైకిలెక్కిన వారం

మేం నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లో... మా ఊళ్లో సైకిలు నేర్చుకోవాలంటే ముందు ఒక కర్ర కావాలి. బారెడు కర్ర తెచ్చి క్యారియర్‌కి అడ్డంగా కట్టేవాళ్లు. సైకిలు ఒరిగినా కర్ర నేలకి ఆని, తొక్కేవాడి కాలు విరగకుండా కాపాడుతుందని శాస్త్రం. తొక్కేవాణ్ని కాపాడేది నిజమే... ఊరిని ఎవరు కాపాడతారు?

కుళాయి దగ్గర వరసగా పెట్టిన బిందెలు నా కర్ర తగిలి దొర్లిపోయిన రోజు, పక్కింటి వెంకాయమ్మత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని మా అమ్మని నిలదీసింది.

"ఏమే కోటేశ్వరీ, మీవోడు సైకిల్ నేర్చుకుంటన్నాడా, పొలం దున్నుతన్నాడా?"

"నేర్చుకుంటన్నాడు వదినా. నువ్వా బిందె కాస్త పక్కకి జరుపుకో" అంది అమ్మ, క్యారియర్ వదలకుండా.

నాన్న దాచేపల్లిలో సిమెంటు లారీ డ్రైవరు. ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ. అందుకని నా వెనక పరిగెత్తే మహత్కార్యం అమ్మ మీద పడింది. మిగతా పిల్లల నాన్నలు "పట్టుకున్నాలేరా" అంటూనే మధ్యలో వదిలేసేవాళ్లు. అమ్మ అలా ఎప్పుడూ చెయ్యలేదు. "ఇదిగో వదుల్తన్నా... వదుల్తన్నా... వదిలేశా!" అని ఊరంతా వినపడేలా చెప్పి మరీ వదిలేది. చెప్పగానే నేను పడిపోయేవాణ్ని. అది వేరే సంగతి.

కుచ్చిళ్లు ఎగదోపుకుని నా వెనక అన్నాళ్లు పరిగెత్తిన మనిషికి అసలు సైకిలు తొక్కడం వచ్చా, రాదా అని నేను ఏనాడూ ఆలోచించలేదు. బీటెక్ కూడా పూర్తి చేశాను. అయినా ఆలోచించలేదు.

ఇప్పటి సంగతికొస్తే... పొద్దున్నే అమ్మని బండి మీద మిరప చేలో దింపి రావడం నా ఉద్యోగం. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఇదే. నేను లేచేసరికి ఎండ చుర్రుమంటూ ఉంటుంది. అమ్మ గుమ్మంలో క్యారేజీ పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఈమధ్య ఒకరోజు చూసి చూసి లేచి, వసారాలో చెల్లి సైకిలు మీద ఆరేసిన తువ్వాళ్లన్నీ తీసి లోపల పడేసింది. చెల్లి నరసరావుపేట హాస్టలుకి వెళ్లాక ఆ సైకిలు దండెంగా స్థిరపడిపోయింది లెండి.

"దీనికి గాలి కొట్టించుకురా. ఇంక నేనే పోతా."

"నీకు తొక్కడం వచ్చా?"

"రాకుండానే నీకు నేర్పానంటరా?"

పెళ్లికి ముందు అమ్మ రోజూ సైకిలు మీదే హైస్కూలుకి పోయేదట. ఇక్కడికి కాపురానికి వచ్చాక, కోడలు సైకిలెక్కడమేందని నాయనమ్మ అందట. అంతే... దిగిపోయింది.

"మరి కర్ర కట్టనా?" అన్నాను వినయంగా.

"కర్రా వద్దు, కాకరకాయా వద్దు. మోకాళ్లు కుదురుకునేదాకా ఎనక పట్టుకో చాలు. వదిలేటప్పుడు మాత్రం చెప్పు."

కాలవ కట్ట మీద మొదలుపెట్టాం. ముందు అమ్మ, వెనక రొప్పుతూ నేను. సైకిలు కాస్త కుదురుగా కదిలేసరికి అమ్మకి మాటలొచ్చేవి. తల తిప్పకుండా, దారి వంకే చూస్తూ హైస్కూలు రోజులు చెప్పేది. స్నేహితురాలు సరోజతో పందెం వేసి లెక్కల మాస్టారి సైకిలు దాటేసిందట... మర్నాడు లెక్కల పీరియడు అయ్యేదాకా బెంచీ ఎక్కి నిలబడిందట. ఇంట్లో ఎన్నడూ ఇవి చెప్పలేదు. ఎదురుగా మనిషి మొహం లేకపోతేనే చెప్పబుద్ధి అయ్యేదేమో.

వారం తిరక్కుండానే నాకు వీడియో తీద్దామని బుద్ధి పుట్టింది. ఒక చేత్తో క్యారియరు, ఒక చేత్తో ఫోను. తీరా చూస్తే ఫోన్లో అమ్మ జాకెట్టు తప్ప ఏమీ పడటం లేదు. అందుకని తూము దగ్గర చెయ్యి తీసేశాను. చెప్పలేదు. చెబితే వెనక్కి చూస్తుంది, వీడియో పాడవుతుంది... అదీ నా ఇంజినీరింగు.

అమ్మ వెళ్లిపోతూనే ఉంది. మాట్లాడుతూనే ఉంది. ఒకసారి ఎడం చెయ్యి తీసి గాల్లో ఏదో చూపించింది కూడా. అంతలో ఎదురుగా పాల క్యాన్లతో వస్తున్న సాంబయ్య బాబాయ్ బండి ఆపాడు.

"ఏంది వదినా, ఒక్కదానివే ఎవురితో మాట్టాడతన్నావ్?"

అమ్మ బ్రేకు వేసింది. కాలు ఆన్చింది. పడలేదు. వెనక్కి తిరిగి చూసింది... అల్లంత దూరాన ఫోను ఎత్తి పట్టుకుని నేను.

పరిగెత్తుకెళ్లాను.

"ఎక్కణ్ణుంచి వదిలేశావురా?"

"తూము కాణ్ణుంచి..."

తూము వంక చూసింది. చానా దూరం.

"అయితే నువ్వేం ఇన్లా."

"ఏం చెప్పావమ్మా?"

"ఏం లేదులే. పొద్దెక్కుతంది, పోతన్నా."

నన్ను పట్టుకోమనలేదు. తనే ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వీడియో నేను ఎక్కడా పెట్టలేదు. సౌండు పూర్తిగా పెంచి ఎన్నిసార్లో విన్నాను. గాలి హోరు... దాని మీద నా గొంతే. "సూపరమ్మా! మా అమ్మ చూడండి ఫ్రెండ్స్!" అంటూ. సాంబయ్య బాబాయ్‌ని కూడా పట్టుకుని అడిగాను. "నాకేం తెలుసురా? నవ్వతా చెబతా ఉంది. నన్ను చూసి ఆపేసింది" అన్నాడు.

ఇప్పుడు నేను లేచేసరికి వసారాలో సైకిలు ఉండటం లేదు. గుమ్మంలో ఎవరూ కూర్చుని ఉండటం లేదు. నిన్న మళ్లీ అడిగాను. "మర్చిపోయాలే పోరా" అంది, అన్నం పెడుతూ. కోపం కూడా లేదు. ఉంటే బాగుండు.

మా చిన్నప్పుడు అమ్మ ఒకే మాట పదిసార్లు చెప్పేది, మేం చెవులు మూసుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్కసారే చెబుతోంది...

మీ ఇళ్లల్లో ఇంకా పదిసార్లు చెప్పే అమ్మలు ఉన్నారా? ఏం చెబుతున్నారో కింద రాయండి. కూర్చుని చదువుకుంటాను.