చిన్న దొరసాని వెంట పోయిన అక్క

మాదాపూర్‌లో మా ఆఫీసుకు ఇప్పుడొచ్చిన పని పాత అమెరికా పత్రికలు చదవడం. అక్కడి గ్రంథాలయమొకటి వాటిని స్కాన్ చేసి పంపుతుంది, కంప్యూటరు అక్షరాలుగా మారుస్తుంది, అది చేసిన తప్పులు మేం దిద్దుతాం. యాభై దాటిన దానికి ఇంతకంటే ఏం పని ఇస్తారు లెండి. ఈ నెల వచ్చినవన్నీ బానిసత్వం రద్దయ్యాక విడుదలైన నల్లవాళ్ళు తమవాళ్ళ కోసం వేయించిన ప్రకటనలు. సంతలో అమ్మేసిన తల్లి, ఇంకో రాష్ట్రానికి తోలేసిన తమ్ముడు, వేటకుక్కల్ని తప్పించుకుని ఉత్తరాదికి పారిపోయిన మొగుడు. ఆదివారం చర్చిలో దీన్ని చదివి వినిపించండి బాబూ అని కింద వేడుకోలు. రద్దయి ఏళ్ళూ పూళ్ళూ గడిచినా వేయిస్తూనే ఉన్నారు పాపం. చాలామందికి ఎవరూ దొరకలేదట.

మొన్న నా పక్క సీటు కడప పిల్ల స్క్రీను నావైపు తిప్పి, "వాళ్ళమ్మను వెతుక్కుంటా యజమానుల పేర్లన్నీ చెప్పుకుందేంది మేడం ఈమె?" అని అడిగింది. ఎవరి సొత్తో చెబితేనే కదా తల్లీ మనిషి ఆచూకీ తెలిసేది అన్నాను. అన్నానే గానీ ఆ మధ్యాహ్నం నుంచి మనసు మా ఇంటి సంగతి మీదికే పోయింది. మా నాయనమ్మకు చెప్పుకోవడానికి ఆ పేరు కూడా లేకపోయింది.

మా నాయనమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనేవాళ్ళం. నార్సింగికి కోడలిగా వచ్చింది గానీ, పుట్టింది దొర గడీ, అంటే కోటలాంటి బంగళా, ఉన్న ఊళ్ళో, ఆ గడీలో వెట్టి చేసే ఇంట్లో. దొర బిడ్డ అత్తవారింటికి పోతుంటే బిందెలు, పరుపులు, సారెతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆడబాప అనేవారు ఆ పిల్లను. పెళ్ళీ పేరంటం ఉండవు, బతికినన్నాళ్ళూ ఆ ఇంటి చాకిరీ, పిల్లలు పుడితే వాళ్ళూ ఆ ఇంటివాళ్ళకే. అవ్వ వాళ్ళ అక్కను అట్లా చిన్న దొరసాని వెంట పంపారు. పన్నెండేళ్ళ పిల్ల. అవ్వ ఇంకా చిన్నది, బండి వెనక ఏడుస్తూ ఊరి పొలిమేర దాకా ఉరికిందట. కొన్నాళ్ళకు జనం తిరగబడ్డారు, దొరలు పట్నం పారిపోయారు, వెట్టి రద్దయిందని ఊళ్ళో డప్పు కొట్టి చెప్పారు. అందరూ సంబరపడ్డారు, అక్క మాత్రం రాలేదు. పోయి తెచ్చుకుందామంటే ఏ ఊరో తెలియదు. గడీ ఆడవాళ్ళ పేరు పలికే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పెద్ద దొరసాని, చిన్న దొరసాని, అంతే. ఆమె పోయిన ఊరు కూడా అవ్వకు 'అత్తగారూరు'గానే తెలుసు.

అవ్వకు తెలిసిన గుర్తల్లా అక్క ఎడమ చెవి తమ్మె. పెళ్ళికి ముందే గడీలో చిన్న దొరసానికి కోపమొచ్చి కమ్మ పట్టి గుంజితే రెండుగా చీలింది. సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని నార్సింగిలో మేం నాలుగు గదులు వేసి కిరాయికిచ్చాక అవ్వకు కొత్త ఆశ పుట్టింది. ఏ ఊరివాళ్ళు గదికి వచ్చినా అడ్వాన్సు మాట తర్వాత, ముందు వాళ్ళింట్లో ముసలమ్మల చెవుల సంగతి చెప్పాలి. ఒక కర్నూలు కుర్రాడు మహా మంచివాడు, వాళ్ళ జేజి ఫొటోను రెండు పక్కల నుంచీ తీయించి తెప్పించాడు. అవ్వ దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, చెవులు మంచిగున్నయని బాధగా తిరిగిచ్చేసింది. ఆ అబ్బాయి మొహం చూడాలి, తమ జేజి చెవి చిరగనందుకు క్షమాపణ చెప్పుకునేట్టున్నాడు.

చివరికి, అప్పటికే ఇదే ఆఫీసులో అమెరికావాళ్ళ పని చేస్తున్న నన్ను పట్టుకుంది. "ఈడ కూసొని అమెరికా దాక చూస్తవట గద బిడ్డా, నా అక్కను జర చూడు" అంది. ఊరి మగవాళ్ళకు దొర ఇంటిపేరు తెలుసు కాబట్టి ఇంటర్నెట్‌లో దాన్ని పట్టుకు పోతే దొర మనవడొకాయన తేలాడు, ఇక్కడే గచ్చిబౌలిలో ప్లాట్ల వ్యాపారం. అవ్వను తీసుకుపోయాను. ఆయన మర్యాదస్తుడే. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. చిన్న దొరసాని ఆయనకు మేనత్త, బతికే ఉందట. అప్పటికప్పుడు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

ఆ గొంతు వినగానే అవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది. చెప్పులు విడిచింది. కొంగు భుజం మీదుగా కప్పుకుని, "నీ బాంచెన్ దొరసానీ" అంది. అరవై ఏళ్ళు దాచుకున్న ప్రశ్న ఒక్కటీ బయటికి రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. నేనే అడిగాను, చెవి గుర్తు కూడా చెప్పాను.

"ఇంట్ల శానమంది ఉంటుండిరి, చెవులెవరు జూసిన్రు?" అంది ఆ గొంతు, ఏ కోపమూ లేకుండా. "ఒకతె బావిల దుంకింది. ఒకతె రాత్రికి రాత్రి ఉరికింది. అండ్ల మీ పోరి ఎవతో నాకెట్ల యాదుంటది?"

అవ్వ అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఉరికినదాన్ని దొరకవట్టిన్రా, అడుగు" అంది మెల్లగా. అడిగేలోపు అటువైపు ఫోన్ పెట్టేశారు. మళ్ళీ కలిపితే ఎత్తలేదు. అత్తయ్య అలిసిపోయినట్టుందండీ, కనుక్కుని చెబుతాను అన్నాడాయన. వారం వారం ఫోన్ చేశాను, ఆ తర్వాత చిన్న దొరసానే పోయింది.

అవ్వ ఇక కిరాయివాళ్ళను ఏమీ అడగలేదు. పెత్రమాస వస్తే చనిపోయినవాళ్ళ పేరున బియ్యం ఇస్తాం మేము. అత్త, మామ, మా తాత, అందరి పేరునా ఇచ్చి, అక్క పేరున దోసిలి నిండా బియ్యం తీసి పట్టుకుని నిలబడేది. ఉరికినది అక్కే అయితే, బతికున్న మనిషికి పిండం పెట్టినట్టవుతుంది. తిరిగి గుమ్మిలో పోసేది. పోయేదాకా ఏటా అదే. ఆ గుమ్మి దగ్గర నిలబడ్డ అవ్వను చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఆమెకు మాత్రం వచ్చేది కాదు.

ఈ ఏడు పెత్రమాసకు అవ్వ పేరున ఇచ్చాక ఆమె అక్క పేరున కూడా నేనే ఇచ్చేశాను. ఎవరూ నాకు కొత్తగా చెప్పిందేమీ లేదు. ఉంటే ఆమెకిప్పుడు తొంభై దాటేవి. బావిలో దూకినా, ఉరికి బతికినా, మనిషి మిగలనంత కాలం గడిచిపోయింది.