కుర్చీలో కూర్చోబెట్టిన హాజరు

1979లో నాకు ముప్పై నాలుగేళ్లు. జంషెడ్‌పూర్‌లో ఖర్కాయి నది అవతల, పెద్ద కార్ఖానాలకి చిన్న చిన్న ఇనుప భాగాలు చేసిచ్చే ఒక ఫ్యాక్టరీలో టైం కీపర్ని. పేరెందుకు లెండి, అది మూతపడి చాలా కాలమైంది. ఎవరు షిఫ్టుకి వచ్చారు, ఎవరు రాలేదు అని చూసి మస్టర్ రోల్‌లో, అంటే హాజరుపట్టీలో, ‘పి’ అనో ‘ఏ’ అనో వెయ్యడం నా పని. పి అంటే ప్రెజెంట్, ఏ అంటే ఆబ్సెంట్. కార్మికులు నన్ను టైంబాబు అనేవారు. ఆ పిలుపు వింటే నాకు కాస్త గర్వంగానే ఉండేది, దాచుకోవడం దేనికి?

ప్రమాదాల కాగితాలు కూడా నా బల్ల మీదే ఉండేవి. చట్టం ప్రకారం, పనిలో దెబ్బ తగిలిన మనిషి నలభై ఎనిమిది గంటలు పని చెయ్యలేకపోతే అది ‘రిపోర్టబుల్ యాక్సిడెంట్’. మేనేజరు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి నోటీసు పంపి తీరాలి. సీసం ఒంట్లోకి ఎక్కడం, ఇసుక దుమ్ముతో ఊపిరితిత్తులు పాడవడం లాంటి రోగాలకూ అంతే. అక్కడైతే వైద్యం చేసిన డాక్టరు కూడా రాయాలి. నోటీసు వెళ్తే ఇన్‌స్పెక్టరు వస్తాడు, యంత్రం చూస్తాడు, లోపం ఉంటే సరిచెయ్యమంటాడు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. తప్పించుకునే దారి అంతకంటే బాగా వచ్చు.

ఆ దారి ఏమిటంటే, దెబ్బ తగిలినవాణ్ణి మర్నాడు రిక్షాలో తెచ్చి టైం ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టడం. మనిషి గేటు లోపల ఉన్నాడు కాబట్టి పి. పి పడింది కాబట్టి నోటీసు అక్కర్లేదు. దీనికి ‘లైట్ డ్యూటీ’ అని ముద్దుపేరు. మా ఒక్కచోటే కాదు, చుట్టుపక్కల చాలా చోట్ల ఇదే పద్ధతి. నాకది తప్పనిపించేది కాదు, ఒట్టు. కూర్చున్నవాడికి జీతం ఆగదు, టీ తెప్పిస్తాను, కబుర్లు చెప్తాను, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి.

ఆ ఫిబ్రవరిలో పైడిరాజుకి దెబ్బ తగిలింది. విజయనగరం వైపు మనిషి, బిర్సానగర్‌లో కాపురం, పన్నెండేళ్లుగా ఒక్క రోజు కూడా నాగా లేదు. పనిచేసేది పవర్ ప్రెస్ మీద. పైనుంచి బరువైన అచ్చు దిగి ఇనుప రేకుని కత్తిరించే యంత్రం అది. చెయ్యి లోపలికి పోకుండా ముందు జాలీ ఉండాలి. జాలీ ఉంటే పని నెమ్మదిస్తోందని ఫోర్‌మన్ దాన్ని విప్పించి గోడకి ఆనించి పెట్టించాడు. కుడిచేతి రెండు వేళ్లు సగానికి పోయాయి.

మర్నాడు పొద్దున్నే మేనేజరు నన్ను పిలిచి, “పైడిరాజు కో లే ఆవో, ఖాలీ బైఠేగా” అన్నాడు. తీసుకురా, ఊరికే కూర్చుంటాడు అని. రిక్షా తీసుకుని నేనే వెళ్లాను. పైడిరాజు కట్టు చేతిని రెండో చేత్తో పట్టుకుని ఎక్కాడు.

రెండో రోజుకి అతనికి జ్వరం వచ్చింది. మూడో రోజు నేను వెళ్లేసరికి అతని భార్య గౌరమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“ఏటి బాబూ, మళ్లీ వచ్చీసినారా? ఒల్లు కాలిపోతంది. మంచం మీద పడుకోవాల్సినోణ్ని కుర్చీలో కూకోబెడతారేటి?”

“నీ మంచికేనమ్మా గౌరమ్మా. పని చేసినట్టే హాజరు వేస్తున్నాను” అన్నాను.

“పని సేసినట్టా! ఆ సేత్తో అన్నం ముద్ద ఎత్తలేకపోతన్నాడు, నాను తినిపిత్తన్నాను. ఏటి పని సేసినాడో మీరే సెప్పండి. రేపు ఆ సెయ్యి పనికి రాకపోతే, ఇంటికాడే తెగ్గొట్టుకున్నాడని మీవోల్లంటే నానేటి సూపించుకోను?”

అప్పుడు తట్టింది నాకు. చట్టంలో ఉన్నది ‘పనికి రాలేకపోతే’ అని కాదు, ‘పని చెయ్యలేకపోతే’ అని. కంఠతా వచ్చన్న పెద్దమనిషిని, ఆ మాట ఒక్కసారైనా సరిగ్గా వినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అదే రిక్షాలో పైడిరాజుని ఆసుపత్రికి పంపించి, నేను నడిచి ఆఫీసుకి వెళ్లాను.

ముందు రెండు రోజుల పి మీద ఎర్రసిరాతో గీత కొట్టి, ఏ వేసి, పక్కన సంతకం పెట్టాను. నోటీసు ఫారం నింపి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, “దిమాగ్ ఖరాబ్ హై క్యా?” అని అరిచాడు. బుర్ర చెడిందా అని. చెడిందనే అనుకోండి, మీరు సంతకం పెట్టకపోతే ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఈ హాజరుపట్టీ నేనే పట్టుకెళ్తాను అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ధైర్యం! ఆయన సాయంత్రం దాకా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి సంతకం పెట్టాడు.

ఆసుపత్రికి వెళ్లి చెప్తే, మెచ్చుకుంటాడనుకున్న పైడిరాజు మాత్రం మండిపడ్డాడు. మంచం మీదనుంచే, “పన్నెండేళ్లలో ఒక్క నాగా నేదు టైంబాబూ! మీ సేత్తోనే నా హాజరు కొట్టీసినారా? నానేటి పనిదొంగనా?” అన్నాడు. కళ్లలో నీళ్లు. ఎంత చెప్పినా నాతో మాట్లాడలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి పైడిరాజు చేతికి కట్టుతోనే గేటు దాకా రాగలుగుతున్నాడు. వాంగ్మూలం కోసం పిలిపించారు. ఇన్‌స్పెక్టరు గోడకి ఆనించిన జాలీ చూశాడు, దాని మీది దుమ్ము చూశాడు. ఈ ప్రెస్ దగ్గర ఇంతకుముందు ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని హిందీలో అడిగాడు. మేనేజరు తడుముకోకుండా లేదన్నాడు. ప్రమాదాల రిజిస్టరు తెరిస్తే నిజంగానే ఏమీ లేదు.

నేను ముందుకొచ్చాను. “ముగ్గురికి తగిలాయి సార్. రెండేళ్లలో. ముగ్గురికీ నేనే హాజరు వేశాను.”

ఇన్‌స్పెక్టరు ఆ పేర్లు చెప్పమని రాసుకుని, జాలీ బిగించేదాకా ప్రెస్ ఆపమని ఉత్తర్వు ఇచ్చాడు. రెండు రోజుల్లో జాలీ బిగించారు. అంత చిన్న పని.

ఆ రోజు గేటు బయట పైడిరాజు నా కోసం ఆగాడు. ఆసుపత్రి తర్వాత నాతో మాట్లాడ్డం అదే మొదలు.

“టైంబాబూ, ఆ ముగ్గుర్లో మొదటోడిది అప్పుడే రాసుంటే, ఈ జాలీ అప్పుడే ఎట్టీసుందురా?”

“పెట్టేవాళ్లు.”

“అయితే నా సేతి ఏళ్లు నాకుండును.”

కోపంగా అన్లేదు. కోప్పడితే ఎంత బాగుండేదో. “ఉండేవి పైడిరాజూ” అన్నాను. అతను తలూపి, ఎడమచేత్తో చొక్కా జేబులోంచి బీడీ తీసుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

తర్వాత వేరే ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్లు పనిచేశాను. కొత్త గుమస్తా ఎవరొచ్చినా ఈ కథ చెప్పకుండా రిజిస్టరు చేతికివ్వలేదు. ప్రమాదం నోటీసు దెబ్బ తగిలినవాడి కోసం ఎంతో, రేపు అదే యంత్రం ముందు నిలబడేవాడి కోసం కూడా అంతే. ముగ్గురికి మేలు చేస్తున్నానని మురిసిపోతూ, నేను నాలుగోవాడి వేళ్లు తీశాను.