రాని కడుపు రెండుసార్లు పోయింది

రంగుల మేస్త్రి పెళ్లాన్ని పనివాళ్లందరూ వదినా అనే పిలుస్తారు. గోడా కప్పూ కలిసే చోట చేయి వణక్కుండా గీత లాగడం ఆ గుంపులో ఆమెకొక్కదానికే వచ్చు. ఆ మూల దగ్గరికొచ్చేసరికి మేస్త్రి కూడా బ్రష్షు ఆమెకిచ్చి టీకి పోయేవాడు.

అలాంటి మనిషిని నిచ్చెన దింపేశారు.

ఆమెకు నెలసరి ఎప్పుడూ సరిగ్గా రాదు. పెళ్లయిన కొత్తలో వరసగా కొన్ని నెలలు రాకపోయేసరికి అత్త మొహం చేటంత అయింది. పరీక్షా గిరీక్షా ఎందుకు, నలుగుర్ని కన్నదాన్ని నాకు తెలీదా అంది. కోడల్ని నీడపట్టున కూర్చోబెట్టింది. ఓ రోజు గడ్డలు గడ్డలుగా రక్తం పోయింది. కడుపు పోయిందని ఇల్లంతా ఏడ్చింది. తర్వాత మళ్లీ అదే తంతు. ఈసారి ఏడుపులు లేవు, మాటలే. నిచ్చెనలెక్కి దూకేదానికి కడుపు నిలుస్తుందా అంది అత్త. మేస్త్రి పెళ్లాన్ని డబ్బాలు కడిగే పనిలో పెట్టాడు.

మధ్యలో ఓసారి ఆమె ఒక్కతే ఆసుపత్రికి పోయి, నెలసరి తెప్పించే మాత్రలు తెచ్చుకుంది. అలాంటి మాత్రంటే కడుపు తీసేసే మాత్రేనని అత్త లెక్క. అట్టలు మురిక్కాలవలో పడ్డాయి. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఏళ్లు గడిచాక, రక్తం ఆగకుండా పోయి డబ్బాల మధ్యే కళ్లు తిరిగి పడింది. మేస్త్రే ఆసుపత్రికి మోసుకుపోయాడు. డాక్టరమ్మ స్కానింగు చూసి విడమరిచి చెప్పింది. అండం పెరిగి పెరిగి మధ్యలో ఆగిపోతోందట. అండం విడుదల కాకపోతే గర్భసంచి లోపలి పొర నెలనెలా రాలదట. మీద మీద పేరుకుని, చివరికి పెళ్లలుగా ఊడుతుందట. అండమే రాకపోతే కడుపెలా వస్తుంది? వదిలేస్తే ఆ పొరే క్యాన్సరు కావచ్చు కూడా. ముందు మాత్రలతో పొర రాల్చి, తర్వాత అండానికి మందులిస్తే చాలామందికి పిల్లలు పుడతారు, కానీ మీరు వయసు జారిపోయేదాకా ఆగారంది.

"పాత రంగు గీకకుండా కోటు మీద కోటు వేసినట్టు," అన్నాడు మేస్త్రి నేల చూస్తూ.

"మరి నాకు రెండు కడుపులు పోయాయి కదమ్మా," అంది ఆమె.

"అప్పుడు పరీక్ష చేయించారా?"

ఆమె లేదన్నట్టు తలూపింది. అప్పుడూ ఇలాగే పొర ఊడి ఉంటుందిలే అంది డాక్టరమ్మ.

డబ్బాలు కడుగుతూ, పోయారనుకున్న ఆ ఇద్దరు బిడ్డల కోసం ఆమె ఏడవని రోజు లేదు. పెద్దదానికి ఈపాటికి కాలేజీకి పోయే వయసని అనుకునేది కూడా. ఇప్పుడు ఏడవడానికి కూడా ఎవరూ లేకుండా పోయారు. ఇంట్లో సంగతి చెబితే, అయితే దీనికసలు కడుపే రాలేదన్నమాట అని అత్త మూతి తిప్పింది. కాలవలో పడ్డ మాత్రల ఊసెవరూ ఎత్తలేదు.

మాత్రలు మొదలుపెట్టిన వారంలోనే ఆమె పనికి బయల్దేరింది. రంగు డబ్బా ఎత్తబోతుంటే అత్త అలవాటుగా చెయ్యి పట్టుకుంది.

"బరువులెత్తకే, పోతుంది."

"ఉంటే కదా అత్తా పోవడానికి."

పని దగ్గర బ్రష్షు తనే తీసుకుంది. నిచ్చెన పట్టుకోమని మొగుడికి చెప్పి పైకెక్కింది. గోడా కప్పూ కలిసే చోట గీత మొదలుపెట్టింది. అలవాటు తప్పిన చెయ్యి, గీత వంకర పోయింది. మేస్త్రి కింది నుంచి తడిగుడ్డ అందించాడు. అతని మొహం చూడకుండా గుడ్డ తీసుకుని, తుడిచి, మళ్లీ మొదట్నుంచి లాగింది.